గురువుగారి మాట వేరు, తిరుసభ బోధ వేరు అయితే దేన్ని నమ్మాలి?

ప్రశ్న (బెంగళూరు నుండి)

అందరికీ వందనాలు. మాది గుంటూరు ప్రాంతం. నేను ఏ.ఇ.ఎల్.సి. (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘంలో బాప్తిస్మం పొంది పెరిగాను. ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటూ కొంతకాలంగా కతోలిక సత్యోపదేశ గ్రంథాన్ని శ్రద్ధగా చదువుతున్నాను. మా పేటలోని విచారణలో (స్థానిక కతోలిక సంఘంలో) ఆదివారం పూజకు కూడా వెళ్లి వెనుక బల్లమీద కూర్చుంటున్నాను. అయితే అక్కడి ఫాదర్ గారు యేసు ఐదు రొట్టెలతో వేలమందికి ఆహారం పెట్టిన అద్భుతాన్ని వివరిస్తూ, జనం తాము దాచుకున్న ఆహారాన్ని బయటికి తీసి పంచుకోవడమే అసలు అద్భుతమని చెప్పారు. తరువాత విడిగా కలిసి దివ్యసత్ప్రసాదం (పూజలో అర్పించే రొట్టె, ద్రాక్షారసం) గురించి అడిగితే, అది క్రీస్తు ప్రేమకు ఒక గుర్తు మాత్రమేనని, అంతకు మించి ఆలోచించనక్కరలేదని అన్నారు. గ్రంథం 1374వ పేరాలో మాత్రం క్రీస్తు తన శరీరరక్తాలతో, ఆత్మతో, దైవత్వంతో అక్కడ వాస్తవంగా ఉన్నాడని స్పష్టంగా ఉంది. నేను చేరబోయేది ఈ గ్రంథం చెప్పే సభలోనా, ఆయన చెప్పే సభలోనా?

జవాబు 1 (చెన్నై, కతోలికుడు)

మీరు విన్న రెండు మాటల బరువు ఒకటి కాదు. రొట్టెల గురించిన ఆ వ్యాఖ్యానం నాకూ నచ్చదు. కేవలం పంపకమే జరిగి ఉంటే, జనం ఆయనను బలవంతంగా రాజును చేయబోయారని యోహాను ఎందుకు రాస్తాడు? రెండో మాట అంతకంటే చాలా తీవ్రమైనది. సత్ప్రసాదంలో క్రీస్తు నిజంగా ఉన్నాడన్నది 1551లో కతోలిక పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ నిర్వచించిన విశ్వాససత్యం. గుర్తు అన్న అర్థంతోనే సరిపెట్టుకునే వివరణలు చాలవని ఆరవ పౌలు పాపుగారు 1965లో విశ్వలేఖ రాసి మరీ చెప్పారు. దాన్ని తగ్గించి చెప్పే అధికారం ఏ విచారణ గురువుకూ లేదు, ఆ మాటకొస్తే పీఠాధిపతికీ (బిషప్పుకూ) లేదు. అయినా ఆయన అర్పించే పూజ చెల్లుతుంది. గురువు యోగ్యతను బట్టి సంస్కారం చెల్లుబాటు ఉంటుందన్న దొనాతు వర్గాన్ని ఎదిరించి, సంస్కారంలో పనిచేసేది క్రీస్తేనని పునీత అగుస్తీను ఏనాడో వాదించాడు.

జవాబు 2 (బెంగళూరు, లూథరన్)

పై జవాబులోని చివరి మాట మన లూథరన్లకూ కొత్త కాదు. 1530 నాటి మన మూల ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఎనిమిదో అధికరణం దొనాతు వర్గాన్ని పేరుపెట్టి ఖండిస్తుంది. కానీ అక్కడ చెప్పింది చెడ్డవాడైన బోధకుని గురించి. సోదరుడు అడుగుతున్నది తప్పుగా బోధించేవాని గురించి, కాబట్టి ఆ జవాబు సగమే సరిపోతుంది. ఇంకో సంగతి గమనించండి. 1529లో మార్బర్గ్‌లో, రొట్టె గుర్తు మాత్రమేనన్న స్విస్ సంస్కర్త జ్వింగ్లీతో వాదిస్తూ "ఇది నా శరీరము" అన్న మాటను లూథర్ బల్లమీద రాసుకుని పట్టుబట్టాడు. అంటే ఆ ఫాదర్ గారు చెప్పింది కతోలిక బోధకే కాదు, మీరు చిన్నప్పటినుంచి నేర్చుకున్న లూథరన్ ఉపదేశానికి కూడా తక్కువే. ఆయన్ని చూసి వెనక్కి రావడం సరి కాదు. అలాగే గ్రంథం చక్కగా ఉందని, లోపల అందరూ దాని ప్రకారమే మాట్లాడతారని ఆశించి వెళ్లడమూ సరి కాదు. మన అయ్యగార్లందరూ ఆగ్స్‌బర్గ్ ప్రకటన ప్రకారమే ప్రసంగిస్తున్నారా, మీరే చెప్పండి. నన్నడిగితే మీరు తేల్చుకోవలసింది విశ్వాసమూలంగా నీతిమంతులుగా తీర్చబడటం గురించి. దానిపై 1999లో లూథరన్లు, కతోలికులు కలిసి సంతకం చేసిన ఉమ్మడి ప్రకటనను ముందు చదవండి.

జవాబు 3 (చెన్నై, సత్యోపదేశం చెప్పే ఉపాధ్యాయురాలు)

ఆచరణలో రెండు విషయాలు చెబుతాను. మీరు త్రియేక దేవుని పేరిట నీటితో బాప్తిస్మం పొందినవారు కాబట్టి మీకు మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. చేర్చుకునే వేళ, దేవుడు బయలుపరచినట్లు కతోలిక తిరుసభ నమ్మి, బోధించి, ప్రకటించేదంతా నమ్ముతున్నానని మీరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలులో ఏ ఫాదర్ గారి సొంత అభిప్రాయానికీ చోటు లేదు. రెండోది, ఆయన్ని మరొకసారి మర్యాదగా కలిసి 1374వ పేరా చూపించి, "దీన్ని మీరు ఎలా అర్థం చేసుకుంటున్నారు ఫాదర్?" అని అడగండి. కొందరు గురువులు కొత్తవారికి బరువనిపించకూడదని పలుచన చేసి చెబుతారు, నమ్మక కాదు. అప్పటికీ అదే మాట అంటే, సత్యోపదేశం నేర్చుకోవడానికి నగరంలో మరో విచారణకు వెళ్లండి. సంగతిని అగ్రపీఠాధిపతులకు రాతపూర్వకంగా తెలియజేయడంలోనూ తప్పు లేదు. 1983 నాటి తిరుసభ చట్టం 212వ నిబంధన విశ్వాసులకు ఆ హక్కు ఇచ్చింది. మీరింకా చేరలేదు కనుక, విచారణలోని కతోలికులెవరైనా మీతో కలిసి సంతకం చేస్తే మంచిది.