అమ్మ ఆయాసం: ఊదే పరీక్ష ఎందుకు రాయలేదు?

ప్రశ్న
మాది పలాస దగ్గర పల్లె. అమ్మకి 57. ఇరవై ఏళ్లు జీడిపిక్కలు కాల్చే చోట పని చేసింది. ఇంటికొస్తే మళ్లీ కట్టెల పొయ్యి. గ్యాస్ ఉంది, కానీ అన్నం, పశువుల కుడితి ఇప్పటికీ కొబ్బరి మట్టల మీదే. రెండేళ్లుగా దగ్గు, పొద్దున్నే కఫం. బోరింగు నుంచి బిందె తెచ్చేలోపు రెండుసార్లు గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోతోంది.

మూడు చోట్ల చూపించాం. ఒకరు ఆస్తమా అన్నారు, ఒకరు రక్తం తక్కువన్నారు, ఇంకొకరు "టెన్షన్ పెట్టుకోకమ్మా" అని నిద్రమాత్ర రాశారు. చుట్ట కాల్చే నాన్న దగ్గుతూ వెళ్తే మాత్రం మొదటిరోజే గొట్టంలో ఊదించి సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయి గాలి సరిగా ఆడని దీర్ఘకాలపు జబ్బు) అన్నారు. అమ్మని సిగరెట్ అలవాటు ఉందా అని అడిగి, లేదనగానే వదిలేశారు. పొయ్యి సంగతి ఒక్కరూ అడగలేదు. నాకు చాలా బాధగా ఉంది. పొగతాగని ఆడవాళ్లకి ఈ జబ్బు రాదా?

జవాబు 1
వస్తుంది చెల్లీ. శ్రీకాకుళంలో నా పని ఆ ఊదే మిషన్ దగ్గరే. ఆడవాళ్ల శ్వాసనాళాలు సన్నం, కాబట్టి అంతే పొగకి ఎక్కువ దెబ్బ తగలొచ్చు. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడా డాక్టర్లకి ఒకే కేసు ఇచ్చారు. రోగి ఆడమనిషి అని రాసినచోట సీఓపీడీ అన్నవాళ్లు తగ్గారు. ఊదిన ఫలితం చూపించాక ఆ తేడా తగ్గింది.

స్పైరోమెట్రీ అని పేరు చెప్పి అడుగు. ఊదించి, మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. అప్పటికీ మొదటి సెకనులో వదిలిన గాలి, మొత్తం వదిలిన గాలిలో 0.70 వంతు కన్నా తక్కువైతే సీఓపీడీ అని అనుమానించాలి. గుండె పరీక్ష కూడా మానొద్దు.

జవాబు 2
మాది విజయనగరం జిల్లా. మా అత్తని కూడా "సిగరెట్ తాగుతారా?" అనే అడిగారు. లేదంది. అబద్ధం కాదు, ఆవిడది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది, కొడుకుల ముందు ఆ మాటే ఎత్తదు. మగవాళ్లని బయటికి పంపి, ఆ పేరుతోనే అడగాలి.

ప్రశ్న అడిగినామె
అక్కా, నిన్న చేయించాం. మందు పీల్చాక 0.58 వచ్చింది. అమ్మకి చుట్ట, అడ్డపొగ రెండూ లేవు. ఇన్‌హేలర్ రాశారు, స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఎలా పీల్చాలో నర్సు మూడుసార్లు చేయించింది. అన్నం గ్యాస్ మీదికి మారింది. కుడితి పొయ్యి పెరట్లో పెట్టాం, దాని దగ్గర ఇకనుంచి నాన్న కూర్చుంటానన్నాడు. ఆయన జబ్బూ అదే కదా, వద్దని నేనే పోట్లాడుతున్నాను.