స్కాట్లాండ్ ట్రిప్‌కి సర్వీస్డ్ పిచ్ అవసరమా, మామూలు పిచ్ చాలా?

గోదారిగట్టు_రెడింగ్

నమస్తే అందరికీ. ఆగస్టులో ఎనిమిది రాత్రులకి మోటర్‌హోమ్ (పడక, వంటగది, టాయిలెట్ లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని ఎన్‌సీ 500 (నార్త్ కోస్ట్ 500) తిరగాలని ప్లాన్. స్కాట్లాండ్ ఉత్తరాన ఇన్వర్నెస్‌లో బయల్దేరి మళ్ళీ ఇన్వర్నెస్‌కే చేరే 516 మైళ్ళ రోడ్డు, తెలిసిందేగా. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు. అయిదుగురం.

పిచ్ అంటే క్యాంప్‌సైట్‌లో మన బండి పెట్టుకునే జాగా. సర్వీస్డ్ పిచ్ లేకపోతే రానంటోంది మా ఆవిడ. అంటే కరెంటు, కుళాయి, వాడిన నీళ్ళు పోవడానికి డ్రెయిన్, మూడూ మన బండి పక్కనే. మామూలు పిచ్‌లో కరెంటు ఒక్కటే. నీళ్ళు పట్టుకోవాలన్నా పారబోయాలన్నా సైట్‌లో అందరికీ కలిపి ఉన్న చోటికి పోవాలి. మేం చూసిన సైట్లలో రాత్రికి 8 నుంచి 12 పౌండ్లు తేడా ఉంది. మొత్తం మీద 80 పౌండ్లు. టాయిలెట్ డబ్బా ఈడ్చుకుంటూ పదిమంది టెంట్ల ముందు నుంచి నడవడం తన వల్ల కాదంటుంది. మోసేది నేనే కదా అంటాను నేను. ఎవరిది కరెక్టో చెప్పండి, ఈ పేజీ ఇంట్లో చూపిస్తాను.

చక్రాల_ఇల్లు

ఇద్దరిదీ తప్పే! ఆరేళ్ళ నుంచి సొంత బండి ఉంది కాబట్టి చెబుతున్నా.

సర్వీస్డ్ పిచ్‌లో ఉండే డ్రెయిన్ గ్రే వాటర్‌కి మాత్రమే. అంటే సింకులో, షవర్‌లో వాడిన నీళ్ళు. టాయిలెట్ క్యాసెట్ (మీరన్న ఆ డబ్బా) అందులో పోయకూడదు. ఎంత ఖరీదైన పిచ్ తీసుకున్నా క్యాసెట్ మోసుకుని ఎల్సాన్ పాయింట్‌కి, అంటే సైట్‌లో దాన్ని ఒంపే చోటికి, వెళ్ళాల్సిందే. (ఎల్సాన్ అనేది నిజానికి ఒక కంపెనీ పేరు. జిరాక్స్ లాగా అదే వాడుక అయిపోయింది. బోర్డు మీద కెమికల్ డిస్పోజల్ పాయింట్ అని కూడా రాసి ఉంటుంది.) కాబట్టి మీ ఆవిడ గారు ఏ కష్టం తప్పించుకోవాలని 80 పౌండ్లు పెడదామంటున్నారో అది తప్పదు.

వరంగల్_పిల్ల

నేను మాత్రం సర్వీస్డ్ వైపే. పోయిన ఏడాది లేక్ డిస్ట్రిక్ట్‌లో నాలుగు రాత్రులు ఒకే చోట ఉన్నాం. రెండు రోజులు ఎడతెగని వాన. ఆ బురదలో నీళ్ళ క్యాన్లు మోసుకునే పని లేకుండా పోయింది. చిన్నపిల్లలున్న ఇంట్లో నీళ్ళు ఎంతవుతాయో మగవాళ్ళకి అర్థం కాదు. పాలసీసాలు కడగాలి, ఒళ్ళు తుడవాలి, ఒలికిన పప్పు తుడిచిన గుడ్డ ఉతకాలి... గ్రే ట్యాంక్ ఒకటిన్నర రోజుకే నిండిపోయింది.

లీడ్స్_బాబాయ్

ఇదంతా డబ్బులెక్కువై అమ్మా. పదిసార్లకి పైగా వెళ్ళా, ఒక్కసారి కూడా సర్వీస్డ్ తీసుకోలేదు. ఏదో ఒక లే-బైలో (రోడ్డు పక్కన బళ్ళు ఆపుకునే చోటు) రోడ్డు పక్క జాలీ చూసుకుని బండి ఆపడం, కింద వాల్వు తిప్పడం, రెండు నిమిషాల్లో ఖాళీ. టాయిలెట్‌ది కాదు సుమా, గ్రే మాత్రమే. సబ్బు నీళ్ళే కదా! మన ఊళ్ళో గిన్నెలు తోమిన నీళ్ళు పెరట్లో అరటి చెట్టుకే పోసేవాళ్ళం. చెట్టు చచ్చిందా? గెలలేసింది.

మురుగు_మనిషి

ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. బాబాయ్ గారి పోస్టు చూశాక ఆగలేకపోయా. నేను పనిచేసేది మురుగునీటి శుద్ధి కేంద్రంలో.

రోడ్డు పక్క జాలీ వాన నీళ్ళ కోసం. చాలాచోట్ల అందులో పడింది ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకో సముద్రంలోకో పోతుంది. ఇంట్లో సింకు నీళ్ళు పోయే పైపు వేరు, అది మా దగ్గరికి వస్తుంది. రెండూ పైనుంచి చూస్తే జాలీలే, కింద దారులు వేరు. అలా వదలడం చట్టరీత్యా కూడా నేరమే.

అరటి చెట్టు మాట సరైనదే, కానీ అక్కడ మట్టి ఉంది. బిందెడు నీళ్ళు మట్టిలోకి మెల్లగా ఇంకితే అందులోని సూక్ష్మజీవులు తినేస్తాయి. 90 లీటర్లు ఒక్కసారిగా చిన్న వాగులో పడితే కథ వేరు. గంజి, నూనె, పప్పు కడుగు, పెరుగు గిన్నె నీళ్ళు... వీటిని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా వాగు నీళ్ళలోని ప్రాణవాయువునంతా వాడేసుకుంటాయి, చేపలకి ఊపిరి ఆడదు. చూడ్డానికి నురగ తప్ప ఏమీ కనపడదు, ఆ నురగా కాసేపటికి పోతుంది. హైలాండ్స్‌లో, అంటే ఆ ఉత్తర స్కాట్లాండ్ కొండల్లో, ఇళ్ళు తక్కువ, వాగులు ఎక్కువ. ఒకే లే-బైలో రోజుకి పది బళ్ళు బాబాయ్ గారి లాగే ఆలోచిస్తే?

లీడ్స్_బాబాయ్

పది బళ్ళ సంగతి నాకెందుకు బాబూ, నాది ఒక్క బండి. అయినా అక్కడ గొర్రెలు వేలకి వేలు, అవి ఏ ఎల్సాన్ పాయింట్‌కి వెళ్తున్నాయి?

సరే, జాలీ మాట ఒప్పుకుంటా, అది వాన నీళ్ళదని నాకు నిజంగా తెలీదు. కానీ సర్వీస్డ్ పిచ్ దండగ అన్నమాట మీద మాత్రం ఉన్నా.

డాలస్_చిన్నోడు

అమెరికా వైపు నుంచి ఒక మాట. ఇక్కడ ఆర్‌వీలో (మోటర్‌హోమ్‌ని ఇక్కడ అనే మాట) క్యాసెట్ కాదు, టాయిలెట్‌ది పోయే బ్లాక్ ట్యాంక్ బండి కింద వేరుగా ఉంటుంది. ఫుల్ హుకప్ సైట్ అంటే 3 అంగుళాల గొట్టం తగిలిస్తే టాయిలెట్‌ది కూడా నేరుగా పిచ్‌లోని సూవర్ (మురుగు పైపు)లోకి పోతుంది. మావాళ్ళు ఫుల్ హుకప్ కోసం కొట్టుకునేది అందుకే. యెల్లోస్టోన్ లోపల అలాంటిది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, దాని బుకింగ్ కోసం తిరుపతి దర్శనం టికెట్లకి కూర్చున్నట్టు కూర్చున్నాం.

కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. గొట్టం ఎలాగూ ఉంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తారు. నీళ్ళు పోతాయి, అసలుది అడుగున గట్టిపడి గుట్టవుతుంది. ట్యాంక్ బాగా నిండాకే తెరవాలి. అందుకే ఇక్కడ నీళ్ళు ఎంత వాడితే అంత మంచిది, మన చెంబు అలవాటు కలిసొచ్చింది.

చక్రాల_ఇల్లు

డాలస్ తమ్ముడు మంచి మాట ఎత్తాడు, ఎందుకంటే ఇక్కడ సరిగ్గా దానికి రివర్స్.

మన క్యాసెట్ పట్టేది సుమారు 18 లీటర్లు. పేపర్ వాడే ఇంగ్లీషు దంపతులకి రెండు మూడు రోజులు వస్తుంది. గోదారిగట్టు గారి బండిలో అయిదుగురు. మనిషికి రోజుకి రెండుసార్లు, సారికి ఒక లీటరు చెంబు అనుకున్నా పది లీటర్లు అక్కడే. ఫ్లష్షు, మిగతాది కలిపితే రాత్రికే నిండిందని ఎర్ర దీపం వెలుగుతుంది. ఈ లెక్క అద్దె కంపెనీ వాళ్ళు చెప్పరు, వాళ్ళకి తెలియదు కూడా. అందుకే మా ఇంట్లో రూల్: సైట్‌లో ఉన్నంతసేపూ సైట్ టాయిలెట్లే. బండిలోది అర్ధరాత్రికి, వానకి, పెద్దవాళ్ళకి.

ఇక అసలు ప్రశ్న. ఎన్‌సీ 500 అంటే దాదాపు రోజుకో ఊరు. సర్వీస్డ్ పిచ్ కుదిరేది ప్రధానంగా కారు వెనక తగిలించి లాక్కెళ్ళే కారవాన్లకి. కారవాన్‌ని ఒకసారి దింపితే వారం కదలదు. మోటర్‌హోమ్ రోజూ కదులుతుంది. పొద్దున్నే సైట్ నుంచి బయటికొచ్చే దారిలోనే సర్వీస్ పాయింట్, నేల మీద ఇనప జాలీ ఉంటుంది. దాని మీదకి బండి ఎక్కించి వాల్వు తీస్తే గ్రే ఖాళీ, పక్కనే కుళాయిలో మంచినీళ్ళు నింపుకోవడం, ఎల్సాన్ కూడా ఆ చుట్టుపక్కలే. అన్నీ కలిపి పావుగంట. పైగా సర్వీస్డ్ పిచ్‌లో డ్రెయిన్ ఒక మూలన ఉంటుంది, అద్దె బండి వాల్వు ఇంకో మూలన ఉంటుంది. మధ్యకి సరిపడే గొట్టం వాళ్ళు ఇవ్వరు. 12 పౌండ్లు ఎక్కువ కట్టి చివరికి బకెట్ పెట్టుకున్నవాళ్ళని కళ్ళారా చూశా. ఒకే చోట మూడు నాలుగు రాత్రులుంటే మాత్రం వరంగల్ పిల్ల గారి మాటకే నా ఓటు.

బరువు సంగతి కూడా చూసుకోండి. మనలో చాలామంది ఇక్కడ టెస్ట్ పాసైంది 1997 తర్వాతే. మామూలు బి (కారు) లైసెన్స్ మీద మొత్తం 3,500 కిలోల బండి దాకానే. లీటరు నీళ్ళు కిలో. 100 లీటర్ల మంచినీళ్ళు, 90 లీటర్ల గ్రే, అయిదుగురు మనుషులు, సోనా మసూరి బస్తా... అద్దె బండి పేలోడ్ (అది మోయగల బరువు) 400 కిలోల దగ్గరుంటే ఆ గ్రే నీళ్ళు మోసుకు తిరగడం ఎందుకు చెప్పండి? పొద్దున్నే ఖాళీ చేసుకుని కదలండి.

వరంగల్_పిల్ల

నా ఓటు ఒప్పుకున్నందుకు థాంక్స్ :)

వంట గురించి ఎవరూ చెప్పలేదు. మొదటి ట్రిప్‌లో నేను మిగిలిన చారు, గంజి అన్నీ సింకులో పోశా. మూడో రోజు ఎండ కాసింది. షవర్ జాలీ నుంచి వచ్చిన వాసన... చనిపోయిన ఎలుకేమో అని మావారు సీట్లన్నీ ఎత్తి వెతికారు. గ్రే ట్యాంక్‌లో పులిసిన గంజి అది! అప్పట్నుంచి గిన్నెలు ముందు టిష్యూతో తుడిచి, ఆ టిష్యూ చెత్తలో వేసి, తర్వాతే కడుగుతాం. వేయించిన నూనె చల్లారాక సీసాలోకి. సైట్‌లో గిన్నెలు కడుక్కునే సింకులు వేడినీళ్ళతో ఉంటాయి, సిగ్గుపడకుండా అక్కడికే తీసుకెళ్ళండి. అక్కడ పక్కింటి ఆంటీలా కబుర్లు చెప్పే స్కాటిష్ పెద్దావిడ ఒకరు తప్పకుండా తగులుతారు.

మురుగు_మనిషి

ఎల్సాన్‌లో పోసే ముందు ఒక్క మాట. హైలాండ్స్‌లో చిన్న సైట్లలో మెయిన్ సూవర్ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. వాసన రాకుండా క్యాసెట్‌లో వేసే ద్రావకాల్లో, ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలం రకం పోస్తే ఆ ట్యాంక్‌లో పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అది లేని ఆకుపచ్చ రకం తీసుకోండి. కొన్ని సైట్లు గేటు దగ్గరే అడుగుతాయి. పబ్లిక్ టాయిలెట్లలో క్యాసెట్ ఒంపడం మాత్రం వద్దు. వాటిలోనూ చాలావాటికి వెనక ఉన్నది చిన్న సెప్టిక్ ట్యాంకే.

గోదారిగట్టు_రెడింగ్

అందరికీ థాంక్స్. ఇంట్లో గట్టిగా చదివి వినిపించా. "డ్రెయిన్‌లో క్యాసెట్ పోయకూడదు" అన్న చోట మా ఆవిడ మొహం చూడాల్సింది. కాసేపు మాట్లాడలేదు. చివరికి ఆరు రాత్రులు మామూలు పిచ్, దారిలో అల్లపూల్ ఊరి దగ్గర ఉండబోయే రెండు రాత్రులు సర్వీస్డ్. ఆ రెండు రోజులు బట్టలు, తలస్నానాలు, అత్తగారి ఇడ్లీ కార్యక్రమం.

చెంబు లెక్క విని అత్తగారు నవ్వి, "నా చెంబు నేనే సైట్ బాత్‌రూమ్‌కి పట్టుకెళ్తా, నాకేం సిగ్గు" అన్నారు. ఇప్పుడు టెన్షన్ నాకే. ఒంపేటప్పుడు మీద చిందకుండా ఎలా? వీడియోల్లో చూస్తే సులువుగానే ఉంది.

లీడ్స్_బాబాయ్

రెండు రాత్రులైనా సరే, దండగే. అల్లపూల్‌లో వాన పడకపోతే నన్ను తలుచుకో.

చక్రాల_ఇల్లు

క్యాసెట్ మూతి తిప్పి, కిందికి వంచాక, పైనున్న చిన్న బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకోండి. గాలి లోపలికి పోతుంది, గుడగుడ అని ఎగదన్నకుండా ధారగా వస్తుంది. వంచకముందే నొక్కితే మాత్రం అక్కడి నుంచే కారుతుంది. బటన్ మర్చిపోయినవాళ్ళు ప్యాంటు మార్చుకుంటారు. రబ్బరు గ్లౌజులు రెండు జతలు పెట్టుకోండి.

గోదారిగట్టు_రెడింగ్

ఒక జత మా ఆవిడకి కూడానా? :) ఇదీ చదివేసింది, రాత్రి భోజనం ఉంటుందో లేదో చూడాలి.