క్లీనప్ అయిన ఫ్యాక్టరీ స్థలంలో ఇల్లు కట్టొచ్చా?

ఛత్రపురం_బుజ్జి: అన్నలూ, గంజాం జిల్లాలో మూతపడ్డ కెమికల్ ఫ్యాక్టరీ స్థలం ముక్కొకటి చవగ్గా వస్తోంది, పాదరసం మట్టి తీసేశారు క్లీనప్ అయిపోయింది అంటన్నాడు బ్రోకరు, కానీ కాగితం చివర చిన్న అక్షరాల్లో కమర్షియల్‌కి మాత్రమే, బోరు వెయ్యకూడదు అనుంది. ఈసీ క్లీన్. ఇల్లు కట్టేయొచ్చా?

సిక్కోలు_సూరి: కట్టకు తమ్ముడూ. క్లీనప్ అంటే మొత్తం పోయిందని కాదు, ఏ వాడకానికి చేశారన్నదే లెక్క. కెనడా గైడ్‌లైన్ చూడు, పాదరసం ఇళ్లకీ పొలాలకీ కిలో మట్టికి 6.6 మిల్లీగ్రాములు, కమర్షియల్‌కి 24, ఇండస్ట్రీకి 50. అంటే 20 ఉన్న స్థలం షాపుకి పాసు, ఇంటికి మూడు రెట్లు ఎక్కువ. ఈసీలో అమ్మకాలూ తాకట్లే కనిపిస్తాయి, మట్టి కనపడదు కదా.

పర్లాకిమిడి_పంతులు: కొడైకెనాల్ థర్మామీటర్ ఫ్యాక్టరీ గొడవంతా ఇదే కదండీ, అక్కడి మట్టిలో పాదరసం 20 మిల్లీగ్రాముల దాకా తగ్గిస్తే చాలా ఇంకా తగ్గించాలా అని ఏళ్లు నడిచింది. ఇంకోటి, చాలాచోట్ల పైన మంచి మట్టి కప్పి కిందది వదిలేస్తారు, పునాదికో సెప్టిక్ ట్యాంకుకో తవ్వితే ఆ కప్పు పోయినట్టే. తహసీల్దారు ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ కింద కిసమ్ (భూమి రకం) మార్చినా అది మట్టికి సర్టిఫికెట్ కాదు. కలుషిత స్థలాలకి 2025లో కేంద్రం రూల్సు వచ్చాయి, రాష్ట్ర పొల్యూషన్ బోర్డుకి రాసి ఎంత లోతు దాకా తీశారో రిపోర్టు అడగండి.

ఛత్రపురం_బుజ్జి: బ్రోకర్ని రిపోర్టు అడిగా పంతులుగారూ, అడ్వాన్సు ఇస్తే చూపిస్తాడంట 😀

సిక్కోలు_సూరి: ఇంకేటి, వదిలేయ్.