పొట్ట విప్పి చూడ పురుగులుండు: మేడిపండుకు సరే, అంజీర్‌కో?

ప్రశ్న (సిరోంచ, గడ్చిరోలి జిల్లా): మా పాప వేమన పద్యం అప్పజెబుతూ, "నాన్నా, అంజీర్ కూడా మేడి జాతే కదా, దాంట్లోనూ పురుగులుంటాయా?" అని అడిగింది. ఏం చెప్పాలి?

జవాబు: మేడిపండు విషయంలో పద్యం అక్షరాలా నిజమండీ. కాకపోతే పురుగు అనగానే మనం కుళ్లు అనుకుంటాం. వేమన కుళ్లిందని ఎక్కడా అనలేదు, 'విప్పి చూడ' అన్నాడంతే. మనం కాయ అనుకునేది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. దాని కొసన చిన్న కన్ను ఉంటుంది. ఆవగింజంత ఆడ కందిరీగ అందులోంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో జతకట్టి, బయటికి బెజ్జం తొలిచి, లోపలే చస్తాయి. ఆడవి ఆ బెజ్జంలోంచి పుప్పొడితో ఇంకో చెట్టుకు ఎగిరిపోతాయి. పండిన మేడిపండును వేళ్లతో విప్పితే గింజల మధ్య కనిపించే నలుసులు ఇవే.

మీ వైపు మరాఠీలో 'ఉంబరాచే ఫూల్' అనడం వినే ఉంటారు. ఎప్పుడో గానీ కనిపించని మనిషిని అలా అంటారు. ఉంబర్ అంటే మన మేడే. ఆ పువ్వు బయటికి కనిపించకపోవడానికీ, మన పద్యంలోకి పురుగు రావడానికీ కారణం ఒక్కటే, పూలన్నీ కాయలోనే ఉండటం. పాపకు రెండు మాటలూ కలిపి చెప్పండి, చక్కగా పట్టుకుంటుంది.

ఇక అంజీర్. పుణె జిల్లా పురందర్ అంజీర్‌కు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పుప్పొడి అందకపోయినా కాసే రకం, కాబట్టి కందిరీగతో పనిలేదు. టర్కీ స్మిర్నా రకానికి మాత్రం పుప్పొడి అందాల్సిందే. అందుకని అక్కడి రైతులు కందిరీగలున్న అడవి అంజీర్ కాయలను తోట చెట్లకు వేలాడదీస్తారు. పురందర్ కాయ విప్పి చూపించి పద్యం చెప్తే పాప ఒప్పుకోదు మరి!

ఇంకొకరు (పర్లాకిమిడి, గజపతి జిల్లా): మా దగ్గర ఒడియావాళ్లు మేడిని డిమిరి అంటారు. అరుదైనదాన్ని 'డిమిరి ఫులో' అనే వాడుక ఇక్కడా ఉంది. నవగ్రహ హోమంలో శుక్రుడికి మేడి సమిధలే వేస్తారు. బెరడేమో ఆయుర్వేదంలోని పంచవల్కలాల్లో ఒకటి. చెట్టు మొదట్లో మొద్దుకే గుత్తులు కాస్తాయి కాబట్టి పిల్లలకు చేతికందుతాయి. మీ పాపతో ఒకటి కోయించి విప్పించండి.