ఈ90 325ఐ కొనబోతున్నాం: ఏ రిపేరు ముందు, ఏది ఆగొచ్చు?

ప్రశ్న (కొత్తగా_పాతబండి):
బీఎండబ్ల్యూ ఈ90 325ఐ, 2008 మోడల్, పెట్రోల్ ఆటోమేటిక్, 1,35,000 కిలోమీటర్లు తిరిగింది. లిఫ్టు ఎక్కించి చూస్తే చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) అంతా ఆయిల్ తడి. బండి ఆపగానే మాడు వాసన. 90 మీద బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోంది. వాటర్ పంపు మార్చిన బిల్లు ఎక్కడా లేదు. చూసిన మెకానిక్ చాంబర్ ప్యాకింగ్, ముందు డిస్కులు మార్చమన్నాడు. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ముట్టుకోవద్దట, అది జీవితకాలం వస్తుందట. బేరం ఆడే ముందు అసలు ఖర్చు ఎక్కడుందో తెలియాలి.

టాపెట్_కవర్:
చాంబర్ ప్యాకింగ్‌తో మొదలుపెట్టకండి. ఈ ఇంజిన్‌లో పైన ఎక్కడ కారినా ఆయిల్ చివరికి చాంబర్ మీదికే చేరుతుంది. కింద నుంచి చూసినవాళ్లకు దోషి ఎప్పుడూ చాంబరే. డిగ్రీజర్‌తో ఇంజిన్ ముందుభాగం, ఎడమ పక్క శుభ్రంగా కడిగించి, 200-300 కిలోమీటర్లు తిప్పి, అప్పుడు టార్చి వేసి పై నుంచి కిందికి చూడండి.

మొదటి అనుమానం ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ ప్యాకింగ్. రబ్బరు వేడికి గట్టిపడి ప్లాస్టిక్‌లా తయారవుతుంది. కారిన ఆయిల్ నేరుగా బెల్టు మీద పడుతుంది. దీన్ని చిన్న లీకు అని వదిలేయకూడదు: నూనె తాగిన బెల్టు పుల్లీ నుంచి జారి పీలికలైతే, ఆ పీలికలు క్రాంక్ ముందు సీలు గుండా ఇంజిన్‌లోకి పోవచ్చు. అప్పుడు చాంబర్ దించి ఆయిల్ పీల్చే గొట్టం (పికప్) దాకా వెతకాల్సి వస్తుంది. ప్యాకింగ్ చాలా చవక, లేబర్ రెండు మూడు గంటలు. బెల్టు తడిసి ఉంటే దాన్నీ అప్పుడే మార్చేయాలి.

మాడు వాసన దాదాపుగా టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్‌దే. ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి కాలుతోంది. ఇది నాలుగైదు గంటల పని. ప్యాకింగ్ ఒక్కటే మార్చి మూయించకండి, కవర్‌నే పరీక్షగా చూడాలి. ప్లాస్టిక్ కవర్ అయితే సన్నటి పగులు ఉండొచ్చు, అలా ఉంటే ఎన్ని ప్యాకింగులు వేసినా కారుతూనే ఉంటుంది. స్పార్క్ ప్లగ్ గొట్టాల సీళ్లు, ఎక్సెంట్రిక్ షాఫ్ట్ సెన్సర్ (వాల్వులు ఎంత తెరుచుకుంటున్నాయో చూసేది) సీలు కూడా అదే విప్పుడులో మార్చాలి. ఆ సెన్సర్‌లోకి ఆయిల్ దిగి ఉంటే అదీ పోయినట్టే.

చాంబర్ ప్యాకింగ్‌కి ఇంజిన్‌ను పై నుంచి వేలాడదీసి దాని కింద ఉండే ముందు సబ్‌ఫ్రేమ్ (లోహపు చట్రం) దించాలి. ఆరు నుంచి ఎనిమిది గంటలు. కింద చుక్కలు పడనంత వరకు ఆగొచ్చు. ఈ బండిలో ఖర్చు పార్టులో కాదు, దాన్ని చేరడానికి విప్పేదాంట్లో ఉంది.

హైడ్రో_బుష్:
వణుకుకి డిస్కులు కొనకముందు, ముందు చక్రాలను పట్టి ఉంచే టెన్షన్ ఆర్మ్‌ల (కడ్డీల) బుష్‌లు చూడండి. అవి లోపల ద్రవం నింపిన రబ్బరు బుష్‌లు. పగిలితే ఆర్మ్ మీద నల్లటి మరక కారి ఎండి ఉంటుంది. అలాంటి బండికి కొత్త డిస్కులు వేస్తే కొన్నాళ్లు వణుకు తగ్గినట్టుండి మళ్లీ మొదలవుతుంది, తప్పంతా డిస్కుల మీద పడుతుంది. రెండు పక్కలా ఒకేసారి మార్చాలి, బోల్టులు కొత్తవి వేయాలి. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చివర అలైన్‌మెంట్.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం అన్న మాట నమ్మకండి. ఈ మోడల్‌లో రెండు రకాల ఆరు గేర్ల ఆటోమేటిక్‌లు వచ్చాయి, జెడ్‌ఎఫ్‌ది ఒకటి, జీఎంది ఒకటి. రెండింటి ఆయిలూ వేరు, కాబట్టి ముందు లేబుల్ చూసి తేల్చుకోవాలి. జెడ్‌ఎఫ్ అయితే ఆ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. దాని ప్లాస్టిక్ చాంబర్‌లోనే ఫిల్టర్ కలిసి ఉంటుంది, మొత్తం మార్చాలి. మెకాట్రానిక్ (గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్) దగ్గరి కనెక్టర్ స్లీవ్ నుంచి కూడా కారుతుంది. చవకైన పార్టు, చాంబర్ దించినప్పుడే మార్చించండి. పాత ఆయిల్ దించే ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూడమనండి! అది బిగుసుకుపోతే ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి లిఫ్టు మీదే ఉండిపోతుంది. లెవెల్ చూసేది ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 30-50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు.

కొత్తగా_పాతబండి:
చాలా ఉపయోగం. వాటర్ పంపు మాటేమిటి? ఇప్పుడు లీకు లేదు, వేడెక్కడం లేదు. పోయేదాకా ఆగొచ్చా?

చల్లని_ఇంజిన్:
ఆగకండి. ఇది బెల్టుతో తిరిగే పంపు కాదు, కరెంటుతో నడిచేది. బెల్టు పంపులాగా ముందు కారి, కూసి చెప్పదు, ఉన్నట్టుండి ఆగిపోతుంది. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు కూడా లేదు. ఎర్ర గుర్తు వెలిగేసరికే ఆలస్యం. అప్పుడు మరో కిలోమీటరు లాగితే సిలిండర్ హెడ్ (ఇంజిన్ పై భాగం) వంగొచ్చు, ఆ తర్వాత లెక్కే వేరు. లక్ష దాటి బిల్లు లేదంటే పంపు, థర్మోస్టాట్ రెండూ కలిపి బేరంలో తగ్గించుకోండి. పంపు ఖరీదైనదే, లేబర్ మూడు గంటల పైచిలుకు.

పంపు పాత బోల్టులు తిరిగి వాడనివ్వకండి. బ్లాకులో మెగ్నీషియం ఉంది కాబట్టి వాటిని అల్యూమినియంతో చేశారు. ఒకసారి సాగాక పనికిరావు. స్టీలు బోల్టు వేస్తే మెగ్నీషియం తినేసుకుపోతుంది.

కూలెంట్‌లోంచి గాలి తీసే పద్ధతి తెలియని షెడ్డులో ఈ పని చేయించొద్దు. బ్యాటరీకి చార్జర్ తగిలించాలి. కూలెంట్ నింపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే వేయాలి. హీటర్ వేడి గరిష్ఠం, బ్లోయర్ కనిష్ఠం. యాక్సిలరేటర్ అడుగుదాకా 10 సెకన్లు తొక్కి వదిలితే పంపు తనంతట తాను 12 నిమిషాల దాకా తిరుగుతుంది. ఆగాక మళ్లీ లెవెల్ చూసి నింపాలి.

నాలుగు_సిలిండర్లు:
ఒక్క విషయం ఎవరూ అడగలేదు: బానెట్ కింద ఉన్నది ఎన్52 ఇంజినా, ఎన్53 ఇంజినా? 2007 నుంచి కొన్ని దేశాల్లో ఇదే 325ఐ బ్యాడ్జితో ఎన్53 వచ్చింది. దానికి వాల్వ్‌ట్రానిక్ (వాల్వులు ఎంత తెరవాలో మోటారుతో మార్చే ఏర్పాటు) లేదు కాబట్టి టాపెట్ కవర్ మీద ఆ మోటారు కనిపించదు, పైన చెప్పిన ఎక్సెంట్రిక్ సెన్సర్ ఊసూ ఉండదు. అసలు తలనొప్పి పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్టర్లు, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచే నాక్స్ సెన్సర్. ఆరు ఇంజెక్టర్ల ధర ముందు ఇక్కడి లీకులన్నీ చిల్లరే. ఎన్53 అయితే స్కానర్ పెట్టి సిలిండర్లవారీగా మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) చూడకుండా బయానా ఇవ్వొద్దు.

ఇది చూసి 320డి వైపు తిరుగుదామనుకుంటే, 2007-2011 నడుమ ఎన్47 డీజిల్‌కి టైమింగ్ చైను గేర్‌బాక్స్ వైపు ఉంది. చైను శబ్దం వస్తే గేర్‌బాక్స్ దించక తప్పదు. చల్లగా స్టార్ట్ చేసి, బండి వెనక్కి వచ్చి కాదు, బానెట్ ఎత్తి డ్యాష్‌బోర్డు వైపు గోడ దగ్గర చెవిపెట్టి వినండి.