కుక్కర్ పేలి అమ్మ చేయి కాలింది, పాత కుక్కర్ కంపెనీకి ఇచ్చేయాలా?

ప్రశ్న
పోయిన నెల ప్రెషర్ కుక్కర్ పొయ్యి మీద ఉండగానే మూత ఊడి ఎగిరింది. అప్పటికి ఒక్క విజిల్ కూడా రాలేదు. అమ్మ కుడిచేయి మోచేతి దాకా బొబ్బలెక్కింది. కుక్కర్ కొని ఎనిమిది నెలలే. కంపెనీ మనిషి వచ్చి, "మూత సరిగ్గా పెట్టి ఉండరు. అయినా కొత్తది ఇస్తాం, పాతది ఇచ్చి ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అంటున్నాడు. ముప్పై ఏళ్లుగా కుక్కర్‌తో వండుతున్న మనిషిని తప్పు నీదే అంటే ఎంత బాధ! ఏం చేయమంటారు?

జవాబు 1
ఇవ్వకండి, సంతకమూ పెట్టకండి. మీ దగ్గరున్న సాక్ష్యం ఆ కుక్కరే. నాకు ఇస్త్రీపెట్టె షాక్ కొడితే రిపేరుకిచ్చాను. లోపలి వైరు మార్చి తెచ్చారు. ఇక లోపం చూపించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మీరు దాన్ని కడగకుండా, బిగించకుండా అలాగే దాచండి. బిల్లు, ఆసుపత్రి కాగితాలు, ఐఎస్ఐ గుర్తు ఫొటో కూడా.

జవాబు 2
కొత్త కుక్కర్ ఇవ్వడం వేరు, చేయి కాలినందుకు పరిహారం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత కింద అడిగేది వస్తువు పాడైనందుకు కాదు, దానివల్ల మనిషికి, ఇతర ఆస్తికి జరిగిన హానికి. తయారీలో లోపమున్నా, డిజైన్‌లోనే ఉన్నా, సరైన హెచ్చరికలు ఇవ్వకపోయినా 84వ సెక్షన్ ప్రకారం తయారీదారు బాధ్యుడు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. అవసరమైతే కమిషనే వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఒక్క మాట, గాస్కెట్ గానీ వాల్వ్ గానీ బయటవి వేశారా? వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

ప్రశ్న అడిగినవారు
లేదండీ, అన్నీ కుక్కర్‌తో వచ్చినవే. ఆ మనిషి నిన్న మళ్లీ వస్తే సంతకం పెట్టకుండా పంపించేశాను. మూత అంచు ఒకచోట వంగి ఉంది. ఎగిరినప్పుడు వంగిందా, మొదటినుంచీ అంతేనా అన్నది ల్యాబే తేల్చాలి. ఫొటో చూపిస్తే అమ్మ చాలాసేపు చూసి, "నేను సరిగ్గానే పెట్టాను కదరా" అంది. సోమవారం ఫిర్యాదు వేస్తున్నాను.