నెదర్లాండ్స్‌కి కుటుంబంతో: అపోస్టిల్ ఎక్కడ చేయించాలి?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు): మావారికి ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం ఖాయమైంది. పెళ్ళి సర్టిఫికెట్ గుంటూరుది, బాబు జనన పత్రం బెంగళూరుది. రెండూ ఇక్కడే అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ) అవుతాయా అండీ?

జవాబు: కావండీ. పత్రం ఏ రాష్ట్రం ఇచ్చిందో ముందు ఆ రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైనే విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్. గుంటూరుది ఇవాళే కదిలించండి, ఆలస్యమయ్యేది అదే.

మరో జవాబు: లామినేషన్ చేయించి ఉంటే పనికిరాదు, కొత్త కాపీ తీయించండి. పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, జనన పత్రంలో పొడి అక్షరమే ఉంటే నెదర్లాండ్స్‌లో మునిసిపాలిటీ నమోదులో చిక్కు. మన తెలుగువాళ్ళకి తరచూ వచ్చే తంటా ఇది. అపోస్టిల్‌కి ముందే సరిచేయించండి; తర్వాతైతే కొత్త పత్రంతో మళ్ళీ మొదట్నుంచీ తిరగాలి.

ఇంకొకరు: మీవారి మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (విదేశంలో ఉండేవారికి ఇక్కడ ఉండే రూపాయి ఖాతా) మార్పించడం కూడా చూసుకోండి.